గడచిన సేవకు వెల యెంత?



మా పినతల్లి కూతురు అమెరికాలోని న్యూజెర్సీయందు కాపురముండి చాల ఏండ్లయినది. దాని పెద్ద కుమారునికి పన్నెండేండ్లు. ఆ పిల్లవానికి మన క్రికెట్టు రుచింపదు, బేస్‌బాలనిన ప్రాణము. మొన్న వేసవిలో ఇచ్చటికి వచ్చినప్పుడు మా వరండాలో కూర్చుండి, తన తండ్రివలన విన్న న్యూయార్కు యాంకీల జట్టు ముచ్చటలు మాకును, పడకకుర్చీలోనున్న మా మామగారికిని పూసగ్రుచ్చినట్లు చెప్పెను. మాకు ఆటలమీద మక్కువ లేదు. కాని ఆ జట్టునకు చిరకాలము నాయకుడుగా నుండిన డెరెక్ జీటరునకును, జట్టువారికిని 2010వ సంవత్సరమున జీతముగూర్చి జరిగిన బేరపుకథ విన్న పిమ్మట మాకు రెండు రాత్రులు సరిగా నిదుర పట్టలేదు. పిదప మావారిచేత పాత పత్రికలు వెదకించి, తెలిసినంతవరకు ఇచ్చట వ్రాయుచున్నాము.

ఆట తెలియనివారికొరకు రెండు మాటలు. ఒకడు బంతిని విసరును. ఎదిరిపక్షమువాడు గుండ్రని కర్రతో దానిని కొట్టి, నాలుగు మూలలందలి నాలుగు స్థానములను చుట్టి రావలెను. పదిమారులు కొట్టబోయి మూడుమారులు చక్కగా కొట్టగలిగినవాడు ఘనుడు. అనగా ఏడుమారులు తప్పినను తప్పు లేదు. వంటయింటిలో ఇంతటి ఔదార్యము మనయెడ ఎవరు చూపుదురు? అది యట్లుండనిండు. జీటరు నిలుచు చోటునకు షార్ట్‌స్టాప్ అని పేరు. రెండవ స్థానమునకును మూడవదానికిని నడుమ నిలిచి, దూసికొని వచ్చు బంతులను వంగి పట్టి, లేచునంతలో విసరవలెను. కంటికంటెను కాలు చురుకుగా నుండవలసిన చోటది. పడుచువారి చోటు.

జీటరు 1974లో పుట్టెను. యాంకీలు 1992లో, బడి చదువు ముగిసినంతనే, ఆయనను తీసికొనిరి. 1995లో పెద్ద జట్టున అడుగుపెట్టెను. తరువాత 1996, 1998, 1999, 2000, 2009 సంవత్సరములలో, అయిదుమారులు, ఆ జట్టు దేశమునకెల్ల మేటియై నిలిచినప్పుడు ఆయన అందుండెను. 2003లో నాయకత్వమిచ్చిరి. ఆటగాడుగా యాంకీలను విడిచి వేరొక జట్టునకు ఆయన ఎన్నడును పోలేదు. 2001లో వ్రాసికొన్న ఒడంబడిక పదేండ్లకు. మొత్తము 18 కోట్ల 90 లక్షల డాలర్లు. ఈ యంకె విని మా అత్తగారు, “అంత గడించినవానికి కష్టమేమమ్మా, నీవు నిదుర మానుకొనుటకు?” అనిరి. ఆ మాటయు న్యాయమే. అయినను కథ వినుడు.

ఆ ఒడంబడిక 2010తో తీరిపోయినది. అప్పటికి ఆయనకు 36 ఏండ్లు. ముందటి యేడు వేయిమారులకు 334 లెక్కన కొట్టినవాడు, ఆ యేడు 270కి దిగెను. పూర్తిగా ఆడిన యే సంవత్సరమందును ఆయన అంతకు దిగి యుండలేదు. కాలు మునుపటివలె కదలుట లేదని చూచువారందరును చెప్పుకొనుచుండిరి. యజమానియై జట్టును 1973 నుండి నడపిన జార్జి స్టైన్‌బ్రెన్నరు ఆ జూలైలోనే కన్ను మూసెను. పెత్తనము అంతకుముందే కుమారుడు హాల్ చేతికి వచ్చి యుండెను. పెద్దాయన యుండగా కుదిరిన పాత పనివారికి, చిన్నదొర లెక్కల పుస్తకము తెరచునప్పుడు కలుగు దిగులు ఏయింట లేదు?

జట్టువారు మొదట మూడేండ్లకు 4 కోట్ల 50 లక్షల డాలర్లు ఇత్తుమనిరని పత్రికలలో వచ్చినది. ఏటికి లెక్కించిన పాత జీతముకంటె తక్కువే. ఇందులో మరియొక ముల్లు గలదు. అదే జట్టున అలెక్స్ రోడ్రిగ్స్ అను ఆటగాడుండెను. ఆయన జీటరుకంటె ఒక్క యేడు మాత్రమే చిన్న. పుట్టినది మొదలు యాంకీలలో పెరిగినవాడును కాడు, వేరు జట్లలో ఆడి 2004లో వచ్చినవాడు. ఆయనకు 2007లో పదేండ్లకు 27 కోట్ల 50 లక్షలు వ్రాసి యిచ్చిరి. తోడికోడండ్రున్న యింటివారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. కొత్త కోడలికి పెట్టిన నగ చూచి పెద్దకోడలు అడుగునది బంగారము కాదు.

జట్టువారి లెక్క తప్పని మేము చెప్పజాలము. వారు కొనుచున్నది రాబోవు మూడేండ్ల యాట. ముప్పదియారేండ్లవాని కాలు ముప్పదితొమ్మిదవ యేట ఎట్లుండునో వారు ఆలోచింపవలసినదే. జీటరు పక్షమువారు కొలువుమన్నది వేరొకటి: పదునయిదేండ్లు నిండిన మైదానము, అమ్ముడుపోయిన టికెట్లు, పిల్లల చొక్కాల వీపులమీద ఆయన ధరించు 2 అను అంకె. అప్పటికి ఆయన కొట్టిన కొట్టుళ్లు 2,926. మూడువేలు దాటినవాడు యాంకీలలో అంతవరకు ఒక్కడును లేడు. ఆ కొరత తీరు ఘడియ తమ మైదానముననే జరుగవలెనని జట్టువారికిని కోరిక యుండదా? ఒకరు ముందు పద్దు చూపుచుండిరి. ఒకరు వెనుక పద్దు చూపుచుండిరి. ఇరువురును నిజమే చెప్పుచుండిరి.

ఇంతవరకు ఇది బేరము. చెడినది దీని పిదప. జీటరు తరపున మాటలాడు కేసీ క్లోజు, జట్టువారి తీరు తనకు బోధపడుట లేదని పత్రికలవారితో చెప్పెను. అందుకు బదులుగా జట్టు వ్యవహారములు చూచు బ్రయన్ క్యాష్‌మన్, మా యీవి నచ్చనిచో వెలుపల అడిగి చూచుకొమ్మని ఆయనకు చెప్పితిమి అని తానును పత్రికలవారితోనే అనెను. తలుపు వేసికొని పలుకవలసిన మాట నడివీధిలో పడినది. వెలుపల ఆయనను ఆ వెలకు కొనువారు లేరని అందరికిని తెలియును. తెలిసి యన్న మాట యది.

భారతమున భీష్మపర్వము చదివినవారికి ఇచ్చట ఒక ఘట్టము జ్ఞప్తికి వచ్చును. ఎనిమిదవనాటి రాత్రి దుర్యోధనుడు, కర్ణుని మాట విని, తాతగారి శిబిరమునకు పోయి, పాండవులమీద మమకారముచేత మీరు యుద్ధము చేయనిచో కర్ణునికి అనుజ్ఞ యిండని పలుకును. సైన్యమునకు తానే యేరి కోరి అధిపతిని చేసినవానితో! భీష్ముడు ఆ మాటకు నొచ్చి, కొంతసేపు ఊరకుండి, మరునాడు తాను చేయబోవు యుద్ధమును లోకము చెప్పుకొనునని యనెను. దుర్యోధనుని మాటలో నిజములేదా యనిన, కొంత కలదు. ఆ కొంత నిజమే బాణమునకు మొన యైనది.

ఇక మా నిదుర సంగతి. మా మామగారు ఒక ప్రైవేటు పాఠశాలలో ఇరువదియేడేండ్లు తెలుగు చెప్పిరి. ఆరేండ్లక్రిందట ఒకనాడు వేళకు ముందే యింటికి వచ్చి, కాళ్లు కడుగుకొని, తులసికోటకడ కూర్చుండిరి. అన్నమునకు లేవలేదు. “జీతము తగ్గించినారు, పై తరగతులు తీసివేసినారు” అని అత్తగారితో చెప్పిరి. అంతే. ఆ సంవత్సరమున పిల్లలు తక్కువగా చేరిన మాట మేమందరమును ఎరుగుదుము. తగ్గించుటకు వారికి కారణము లేకపోలేదు. మిగిలిన మాట మావారికి నెల గడచిన తరువాత మరియొక పంతులుగారివలన తెలిసెను. తమయొద్దనే చదివి పంతుళ్లయిన పడుచువారు నలుగురు కూర్చుండి యుండగా, “ఇష్టము లేనిచో వేరొకచోట అడిగి చూచుకొనుడు” అని యాజమాన్యమువారు పలికిరట. అరువదికి చేరువైన వయసున వేరొకచోటు ఎక్కడ? మరునాడు ఉదయము మామగారు సమ్మతిపత్రము వ్రాసి యిచ్చి వచ్చిరి. ఇంటిలో ఆ ప్రసంగము మరల రాలేదు. పిల్లవాడు క్యాష్‌మన్ మాట చెప్పినప్పుడు పడకకుర్చీ కిఱ్ఱుమనుట మేము వింటిమి.

పూర్వము జీటరువంటివారికి ఈపాటి బేరమాడు వీలైనను లేదు. అదే జట్టున వెలిగిన బేబ్ రూతునకు 1930లో ఏటికి 80,000 డాలర్లు ముట్టెను. వయసు మీరినకొలదియు అది 75,000కును, 52,000కును, 1934నాటికి 35,000కును దిగెను. ఒడంబడిక తీరినను ఆటగాడు జట్టు సొత్తే యను నిబంధన అప్పుడు గలదు. ఇచ్చినది పుచ్చుకొనవలె, లేదా ఆట మానవలె. జట్టును నడపు అధికారమైన నిమ్మని రూతు కోరినను ఇయ్యక, 1935లో బోస్టనువారికి వదలివేసిరి. ఆ జట్టున ఆడుచు, ఆ మే నెలలో ఒక్కనాడే మూడుమారులు బంతిని ఎల్ల దాటించి, కొలది దినములలో ఆట చాలించెను. ఆ నిబంధనమీద వ్యాజ్యము వేసిన కర్ట్ ఫ్లడ్ అను నల్లజాతి ఆటగాడు 1972లో అత్యున్నత న్యాయస్థానమున ఓడిపోయెను. 1975 డిసెంబరులో ఒక మధ్యవర్తి తీర్పువలన ఆ కట్టు తెగినది. కావున జీటరునకు వెలుపల అడుగు స్వాతంత్ర్యము కలదు. ఫ్లడ్ తన బ్రదుకు ఒడ్డి కోరిన స్వాతంత్ర్యమే, తుదకు ఎత్తిపొడుపు మాటగా మారినది!

2010 డిసెంబరులో రాజీ కుదిరినది: మూడేండ్లకు 5 కోట్ల 10 లక్షలు, నాలుగవ యేడు ఉండుటయు మానుటయు ఆటగాని యిష్టము. చేవ్రాలునాడు జీటరు నవ్వు ముఖముతో కూర్చుండి, మాటలు బయటపడినందుకు తనకు కోపము వచ్చినదని దాపరికము లేక చెప్పెను. మాకు అది మిక్కిలి నచ్చినది. మనలో చాలమంది ఇట్టి వేళ పెదవి బిగించి పండ్రెండేండ్లు మోయుదుము.

పిమ్మట ఎవరి పద్దు నిజమైనది? 2011 జూలై 9న జీటరు తన మూడువేలవ కొట్టును, బంతిని ప్రేక్షకుల నడుమకు పంపి, సాధించెను; ఆనాడు అయిదుమారులు నిలిచి అయిదుమారులును కొట్టెను. 2012లో 216 కొట్టి దేశమున అందరికంటె ముందుండెను. అదే యేటి అక్టోబరులో, బంతికొరకు ప్రక్కకు ఉరికి, చీలమండ విరుగగొట్టుకొనెను. 2013లో ఆడగలిగినవి 17 ఆటలు మాత్రమే. అనగా లెక్కలు వేసినవారి భయమును నిజమే, నమ్మినవారి నమ్మకమును నిజమే. ఆ 2013 నవంబరులో మరల ఒక యేటికి ఒడంబడిక వ్రాసికొనిరి. ఈమారు 1 కోటి 20 లక్షలు, పాత కాగితముప్రకారము రావలసినదానికంటె ఎక్కువ. వీధికెక్కిన మాట ఒక్కటియు లేదు. కాలు విరిగి కూర్చుండినవానికి, అడిగించుకొనకయే, ఎక్కువ!

2014 సెప్టెంబరు 25న, నలువదేండ్ల వయసున, తన మైదానమున కడపటి ఆట ఆడుచు, చివరి ఘట్టమున కొట్టిన కొట్టుతో జట్టును గెలిపించెను. పిల్లవాడు ఇది చెప్పునప్పుడు లేచి నిలువబడి చెప్పెను.

మామగారు అంతవరకు ఒక్క మాటయు పలుకలేదు. అప్పుడు, “వెలుపల అడుగుమన్నాయన ఏమయ్యెనురా?” అనిరి.

“ఆయన అక్కడే ఉండెను, తాతగారూ. రెండవమారు ఒడంబడికనాటికిని ఆయనే ఆ పనిలో నుండెను.”

“ఊఁ” అని మామగారు కొంతసేపు వీధివైపు చూచిరి. పిదప గోడకు చేరవేసిన తమ చేతికర్రను తీసి పిల్లవాని కందిచ్చి, “ఏదీ, ఎట్లు పట్టుకొందురో చూపుము” అనిరి.