గోడ ఆరితేనే ఊపిరి

జంషెడ్‌పూర్‌లో ఎవరికి ఆయాసం వచ్చినా వేళ్లన్నీ ముందు పొగగొట్టాల వైపే లేస్తాయి. 1912లో తొలి ఉక్కు దిమ్మె పోసిన ఊరు కాబట్టి అది సహజమే. పొగ, దుమ్ము ఉబ్బసాన్ని రేపుతాయన్నదీ నిజమే. కానీ జూన్‌లో వానలు మొదలై, గాలిలో దుమ్ము అణిగాక కూడా రాత్రుళ్లు పిల్లికూతలు ఎక్కువవుతుంటే? అప్పుడు చూడాల్సింది బీరువా వెనకున్న గోడను.

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే ఊరిది. వరద వస్తే మానగో, బాగ్‌బేడా లాంటి చోట్ల పల్లపు ఇళ్లలోకి నీళ్లొస్తాయి. నీళ్లు తీశాక నేల ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది. ఇటుక గోడకు వారాలు పడుతుంది. వరద ముఖం చూడని ఇళ్లకూ చెమ్మ తప్పదు. పగుళ్లిచ్చిన పైకప్పు, బాత్‌రూమ్ గోడలో కారే పైపు, గదిలోనే తాడు కట్టి ఆరేసే బట్టలు, మే ఎండలకు కొని వానల్లోనూ తిప్పే కూలర్, ఇవన్నీ ఇంట్లో తేమను పెంచేవే. ఉక్కు కర్మాగారంలో పనికోసం వచ్చి తరాలుగా ఇక్కడే స్థిరపడిన తెలుగు కుటుంబాల్లోనూ అలవాటు ఒకటే. పచ్చడికి బూజు పడితే పారేస్తారు, గోడకు పడితే సున్నం కొట్టిస్తారు.

తెలుగులో సాలెగూడునూ బూజే అంటారు, గోడ మీది నల్లమచ్చనూ బూజే అంటారు. చిక్కంతా ఇక్కడే. మొదటిదాన్ని చీపురుతో దులిపేయవచ్చు. రెండోది శిలీంధ్రం. పొడి చీపురు తగిలితే దాని బీజాంశాలు గదంతా లేస్తాయి. అవి పడనివారిలో శ్వాసనాళాలు వాచి, బిగుసుకుని, దగ్గు, ఆయాసం మొదలవుతాయి. తేమ ఉన్నచోట పరుపుల్లో, దిండ్లలో కంటికి కనిపించని డస్ట్ మైట్‌లు కూడా పెరుగుతాయి. ఉబ్బసానికి అవి మరో పెద్ద శత్రువు.

ఆస్పెర్జిల్లస్ అనే శిలీంధ్రంతో ఇంకో ప్రమాదముంది. కొందరు ఉబ్బసం రోగుల ఊపిరితిత్తుల్లో అది తిష్ఠవేసి తీవ్రమైన అలర్జీ కలిగిస్తుంది. ఎక్స్‌రేలో కనిపించే నీడలను క్షయగా పొరబడి, నెలల తరబడి టీబీ మందులు వాడించిన సందర్భాలు మన దేశంలో తక్కువేమీ కాదు.

గోడ బాగుచేస్తే ఉబ్బసం తగ్గుతుందా? అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో చేసిన ఒక అధ్యయనం 2006లో వెలువడింది. బూజు పట్టిన ఇళ్లలోని 62 మంది ఉబ్బసం పిల్లలను రెండు జట్లు చేశారు. వైద్యసలహా ఇద్దరికీ ఒకటే. ఒక జట్టు ఇళ్లలో మాత్రం లీకులు మాన్పి, బూజు పట్టిన సామగ్రి తీసేశారు. తర్వాతి నెలల్లో ఆసుపత్రికి పరుగెత్తాల్సినంత ఉధృతి ఆ జట్టులోని 29 మందిలో ఒక్కరికే వచ్చింది. రెండో జట్టులో 33 మందిలో 11 మందికి వచ్చింది. చిన్న అధ్యయనమే, కానీ తేడా చిన్నది కాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో చెమ్మ, బూజుల మీదే ప్రత్యేకంగా మార్గదర్శకాలు వెలువరించింది.

అంతమాత్రాన ఇన్‌హేలర్ మానకూడదు. మందు నడుస్తుండగానే నీరు ఎక్కణ్నుంచి వస్తోందో వెతికి ఆపాలి. నీరు ఆగకుండా పెయింట్ వేస్తే మచ్చ కొద్దిరోజులు దాక్కుంటుంది, అంతే. మచ్చలను సబ్బునీళ్లతో తడిపి తుడిచి, గోడను పూర్తిగా ఆరబెట్టాలి. ఆ పని ఉబ్బసం ఉన్నవారు చేయకూడదు. చేసేవారు మాస్కు కట్టుకోవాలి. బ్లీచింగ్ పౌడర్‌లో బాత్‌రూమ్ యాసిడ్ కలపడం కొన్నిళ్లలో అలవాటు. దానివల్ల వెలువడే క్లోరిన్ వాయువు బూజు కన్నా ముందే ఊపిరి తీస్తుంది. బీరువాను గోడకు జానెడు ఎడంగా జరపడానికి ఖర్చేమీ లేదు.

సొంత ఇంటికైతే సరే. ఇంగ్లండ్‌లోని రాచ్‌డేల్‌లో బూజు పట్టిన అద్దె ఇంట్లో పెరిగిన రెండేళ్ల అవాబ్ ఇషాక్ 2020లో శ్వాసకోశ సమస్యతో చనిపోయాడు. ఆ బాలుడి పేరుతోనే వచ్చిన చట్టం 2025 అక్టోబర్ నుంచి అమలవుతోంది. ప్రభుత్వ సాయంతో నడిచే అద్దె ఇళ్లలో ప్రమాదకరమైన చెమ్మ ఉందంటే యజమాని 10 పనిదినాల్లో తనిఖీ చేయాల్సిందే. జంషెడ్‌పూర్‌లో అద్దెకుండేవారికి అలాంటి గడువేమీ లేదు. పైకప్పు కారుతోందంటే వచ్చే వేసవిలో చూద్దామనే జవాబు వస్తుంది, మరీ గట్టిగా అడిగితే ఒక డబ్బా పెయింట్.