ఇంటర్న్‌షిప్పా, వెట్టియా?

వేసవి సెలవులు ముగిసినవి. కళాశాలలు తెరువబడినవి. మన పిల్లలు చేతులలో సర్టిఫికెట్లతో తిరిగి వచ్చుచున్నారు. వానిలో ‘ఫైనాన్సు ఇంటర్న్‌షిప్పు’ అను పేరు గలవానిని గూర్చి మేము నేడు కొంత నిష్ఠురముగా వ్రాయవలసి యున్నది.

తెనాలి చేరువ పల్లెనుండి బెజవాడ వచ్చి బి.కాం. చదువుచున్న పిల్లవాడొకడు పోయిన వారము తన పినతల్లిని వెంటబెట్టుకొని మా యింటికి వచ్చినాడు. రెండవ సంవత్సరపు పరీక్షలు కాగానే ఒక ఆర్థిక సేవల కార్యాలయమున రెండు మాసముల శిక్షణకు కుదిరినాడట. ఆస్తి అప్పుల పట్టీ చదువుట, కంపెనీల లెక్కలు విప్పి చూచుట నేర్పుదురని ఆశపడినాడు. మొదటి దినమున అరగంట ఉపన్యాసము. పిమ్మట తెల్లకాగితము చేతికిచ్చి, బంధువులవి, స్నేహితులవి 100 ఫోను నంబర్లు వ్రాయుమనిరి. అదియే పాఠ్యపుస్తకము! వారమునకు ఇన్ని డీమాటు ఖాతాలు తెరిపింపవలెను. నెలకు రెండు బీమా పాలసీలైనను కట్టింపవలెను. జీతము లేదు, బస్సు ఛార్జీ యైనను లేదు. లక్ష్యము తీరిననే సర్టిఫికెట్టు.

రెండు వారములు గడచుసరికి చుట్టములు వాని ఫోను ఎత్తుట మానిరి. మిగిలినది పినతల్లి. భర్త లేని మనిషి. రెండు పాడిగేదెలపై బ్రతుకు. కూతురి చదువునకై కూడబెట్టినది 50,000 రూపాయలు. ‘బ్యాంకు డిపాజిట్టు వంటిదే’ యని చెప్పుమన్నాడు మేనేజరు, పిల్లవాడు చెప్పినాడు, ఆమె సంతకము పెట్టినది. “వాడు నా చేతుల మీద పెరిగినవాడు బాబుగారూ, వాడి చదువుకి పనికొస్తుందంటే కాదంటానా?” అని ఆమె మాతో అన్నది. ఏటేట 50,000 చొప్పున పదేండ్లు కట్టవలెనన్న సంగతి తరువాతగాని బయటపడలేదు. పాలసీ పత్రము అందిన 30 దినములలోగా దానిని త్రిప్పి పంపి, స్వల్పమైన తగ్గింపులు పోను సొమ్ము రాబట్టుకొను హక్కు కొనుగోలుదారున కున్నది. వారు మా గడప త్రొక్కుసరికి 40 దినములు కడచినవి.

దరఖాస్తుపై ఏజంటు పేరు చూచితిమి. పిల్లవానిది కాదు, ఎవరో లైసెన్సు గల పెద్దమనిషిది. కమీషను ఆయనకు, తిట్లు వీనికి. 2015లో సవరింపబడిన 1938 నాటి బీమా చట్టము 42వ సెక్షను ప్రకారము, అర్హత లేనివాడు ఏజంటుగా వ్యవహరించినచో 10,000 రూపాయల వరకును, అట్టివానిచే వ్యాపారము జరిపించిన కంపెనీకి కోటి రూపాయల వరకును జరిమానా గలదు. మ్యూచువల్ ఫండు లమ్మువాడు పరీక్ష నెగ్గి ఆంఫీ వద్ద నమోదు కావలెను. ఇన్ని కంచెలు నాటిన శాసనము, ‘ఇంటర్ను’ అను పేరు తగిలించుకొని వచ్చినవానిని మాత్రము చూడనే లేదు. కాగితముపై వాడు లేడు గదా!

ఈ వేసవి శిక్షణ పాశ్చాత్య నగరముల బ్యాంకులనుండి మనకు దిగుమతి యైనది. అచటను దీనికి చీకటి గలదు. 2013 ఆగస్టులో లండనున ఒక పెద్ద బ్యాంకులో శిక్షణ పొందుచున్న 21 ఏండ్ల జర్మను విద్యార్థి మరణించెను. మూర్ఛయే కారణమని విచారణలో తేలినను, రేయింబవళ్ల చాకిరిపై లోకమంతట చర్చ చెలరేగినది. 2015లో గోల్డ్‌మన్ శాక్సు బ్యాంకు, వేసవి ఇంటర్నులు అర్ధరాత్రి మొదలు ఉదయము 7 గంటల వరకు కార్యాలయమున ఉండరాదని కట్టడి చేసెను. అచట పని యెక్కువ. అయినను జీతమున్నది, ఆ పని ఆ విద్యకు సంబంధించిన పనియే. మనము నకలు దింపుకొన్నది పేరొక్కటియే!

ఇక కళాశాలల సంగతి. 2020-21 నుండి ఆంధ్రప్రదేశమున డిగ్రీ విద్యార్థులకు మొత్తము 10 మాసముల ఇంటర్న్‌షిప్పు విధిగా ఏర్పరచిరి. ఉద్దేశము మంచిదే. కాని ఇందరికి నేర్పగల కార్యాలయములు బెజవాడలో ఎన్ని, గుంటూరులో ఎన్ని, నరసరావుపేటలో ఎన్ని? ఈ ప్రశ్న వేసికొనకయే సర్టిఫికెట్టు తెమ్మన్నచో సర్టిఫికెట్టుల అంగడి వెలయక మానునా? అధ్యాపకులు చూచునది ముద్రయు, సంతకమును, లాగ్‌బుక్కును. ఆ పిల్లవాని లాగ్‌బుక్కు మేము తిరుగవేసితిమి. వరుసగా 18 దినములు ‘పెట్టుబడుల విశ్లేషణ’ అని వ్రాసియున్నది! ఆ దినములలో వాడు ఎండలో ఇల్లిల్లు తిరిగినాడు. అబద్ధము వ్రాసి మార్కులు పొందుట వానికి ఎవరు నేర్పినట్లు?

అమ్ముటయు విద్యయే గదా, నలుగురితో మాటలాడుట అలవడును గదా, అని ఒక మిత్రులు మాతో వాదించినారు. కావచ్చును. అట్లైన ఆ పేరే పెట్టుడు. ముందు పరీక్ష వ్రాయించి లైసెన్సు ఇప్పింపుడు, జీతమిండు, అమ్మినదానికి కమీషను వాని పేరనే వేయుడు. 1961 నాటి అప్రెంటిసు చట్టము క్రింద చేరినవానికి ఒప్పందపత్రము, భృతి గలవు. ఇంటర్నని పిలిచినంతనే అవి యన్నియు ఎగిరిపోవలెనా?

మా యింటి దోషమును దాచము. న్యాయవాదులమైన మేమును జూనియరులచే ఏండ్ల తరబడి ఉచితముగా ఫైళ్లు మోయించినవారమే. 2024లో బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా జూనియరులకు పట్టణములందు నెలకు 20,000, పల్లెటూళ్లయందు 15,000 రూపాయలకు తక్కువ గాకుండ ఇమ్మని సూచించినది. ఎందరు ఇచ్చుచున్నారో కోర్టు వరండాలో నిలుచున్న జూనియరునే అడుగుడు. అయినను మేము వాని మేనత్తను, పినతల్లిని కక్షిదారులుగా తెమ్మని మాత్రము ఎన్నడును కోరలేదు.

అమ్మకపు లక్ష్యము విధించు ఏ కార్యాలయపు సర్టిఫికెట్టునైనను త్రోసిపుచ్చుటకు కళాశాలకు క్రొత్త చట్టమేమియు అక్కరలేదు. ప్రిన్సిపాలుగారి కలము చాలును. పట్టణములోని ప్రిన్సిపాళ్లు ఈ ముక్క చదివి, తమ పిల్లలు ఈ వేసవిలో ఎచట తిరిగిరో ఒక్కమారు పిలిచి అడుగుదురా?

పినతల్లి తరఫున బీమా కంపెనీకి ఫిర్యాదు పంపితిమి. నెలలోగా సరియైన జవాబు రాకున్న హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ నాశ్రయింతుము. పిల్లవానికి సర్టిఫికెట్టు వచ్చినది. ‘ఆర్థిక విశ్లేషణలో అసాధారణ ప్రతిభ కనబరచినాడు’ అని అందున్నది. వాడు దానిని కళాశాలకు కాక మా బల్లమీదికి తెచ్చిపెట్టినాడు. ఫిర్యాదునకు జతపరచితిమి.