మునిగిన ఓడ చెప్పిన కథ

పిల్లలూ!

గిన్నెలు చూడడానికి నేను ఒక పూటంతా గడిపానంటే మీరు నవ్వుతారేమో! నవ్వితే నవ్వండి గాని, సంగతి మాత్రం వినండి.

సింగపూరులో నది ఒడ్డున ఆసియా నాగరికతల మ్యూజియం అని ఒకటి వుంది. యీమధ్య ఆ వూరు వెళ్ళినప్పుడు అందులో అడుగుపెట్టాను. ఒక గదినిండా మట్టిగిన్నెలే! దాదాపు 1,200 ఏళ్ళక్రితం చైనాలోని చాంగ్‌షా దగ్గర కాల్చిన గిన్నెలవి. ఒకదానిలో చేప, ఒకదానిలో పక్షి, మరొకదానిలో పువ్వు. కుంచెతో గబగబా నాలుగు గీతలు గీశారు, అంతే. అయినా ఏ రెండు పక్షులూ ఒక్కలాగా లేవు.

యివన్నీ ఒకే ఓడలోవి. 1998లో ఇండొనీషియాలోని బెలితుంగ్ దీవి దగ్గర సముద్రంలో మునిగి జలచరాలను ఏరుకునే జాలరులకు యీ ఓడ కంటబడింది. అందులోనుంచి సుమారు 60 వేల వస్తువులు బయటికి వచ్చాయి. వాటిలో 50 వేలకు పైగా గిన్నెలే!

పగిలిపోయే గిన్నెలను అంతదూరం ఎలా తీసుకుపోయేవారు? పెద్ద పెద్ద జాడీలలో గిన్నెలను ఒకదానికొకటి ఆనించి, చుట్లుచుట్లుగా పేర్చారు. ఒక్కొక్క జాడీలో నూటికి పైగా పట్టేవి. ఆ జాడీల చలవవల్లనే యిన్ని వందల ఏళ్ళు ఉప్పునీళ్ళలో వున్నా చాలా గిన్నెల మెరుగు చెడలేదు. ఒక జాడీలో అనాసపువ్వు కూడా దొరికింది. మన అమ్మలు మసాలాలో వేస్తారే, అదే!

ఓడ సంగతి యింకా వింత. దానికి ఒక్క ఇనుపమేకు లేదు! పలకల అంచులకు బెజ్జాలు వేసి, తాళ్ళతో బట్ట కుట్టినట్టు కుట్టారు. చైనావారు ఓడలు అలా కట్టరు. అది అరబ్బులూ, హిందూ మహాసముద్ర తీరాలవారూ కట్టే పద్ధతి. అంటే, పడమటి దేశపు ఓడ చైనాదాకా వెళ్ళి, అక్కడి సరుకు నింపుకుని తిరుగుదారి పట్టిందన్నమాట. అరబ్బు ఓడలు చైనా రేవులకు వెళ్ళేవని పాతగ్రంథాలలో వుంది గాని, ఆ రోజుల ఓడ, సరుకుతో సహా, అంతకుముందు ఎవరి కంటా పడలేదు.

నైరుతి గాలులు ఓడలను తూర్పుకు తోసేవి, ఈశాన్యగాలులు పడమటికి తెచ్చేవి. కుట్టిన ఓడ అంత ప్రయాణం తట్టుకోగలదా అని మీకు అనుమానం రావచ్చు. ఒమాన్‌లో అలాంటి ఓడనే కొబ్బరిపీచు తాళ్ళతో కుట్టి చూశారు. అది 2010 ఫిబ్రవరిలో మస్కట్ నుంచి బయలుదేరి, మన కొచ్చి మీదుగా జూలైలో క్షేమంగా సింగపూరు చేరింది!

మరి పాత ఓడ కాలం ఎలా తెలిసింది? ఒక గిన్నెమీద ఎవరో తారీఖు గీశారు. మన లెక్కలో అది క్రీ.శ. 826. ఆ ఒక్క గిన్నెవల్ల దాని పక్కనున్న వేల గిన్నెల కాలమూ, అవి వెళ్ళిన ఓడ కాలమూ తెలిశాయి. ఆ గిన్నెను ఎవరైనా దొంగచాటుగా తీసి అంగడిలో అమ్మివుంటే? తారీఖు వుండేది గాని, అది ఏ ఓడకు చెందినదో చెప్పేవారుండరు.

యీ ఓడ విషయంలో పెద్ద తగవే వచ్చింది. సరుకు పైకి తీసినది లాభంకోసం పనిచేసే కంపెనీ. దొంగలు దోచుకుపోకముందే తీయవలసివచ్చిందని ఒకరన్నారు. తొందరపాటువల్ల ఏది ఎక్కడున్నదో తెలిపే గుర్తులు పోయాయని పురాతత్వ శాస్త్రజ్ఞులు చాలామంది ఆక్షేపించారు. ఆ ఆక్షేపణవల్లనే అమెరికాలోని స్మిత్సోనియన్ సంస్థ తాను పెట్టదలచిన ప్రదర్శనను 2011లో వాయిదా వేసి, ఆపైన మానుకున్నది.

యిదంతా చదువుతూ వుంటే నా చిన్ననాటి తప్పు ఒకటి జ్ఞాపకం వచ్చింది. పొలంలో నాకొక పాతనాణెం దొరికింది. మెరవాలని దానిని చింతపండుతో, ఇసుకతో రోజూ తోమాను. మెరిసింది గాని, మీది అక్షరాలు అరిగిపోయాయి! పోనీ ఏ గట్టుదగ్గర దొరికిందో అయినా చెబుదామంటే, ఆ చోటు గుర్తుపెట్టుకోలేదు. అది ఎవరి కాలపు నాణెమో యిక ఎవరూ చెప్పలేరు.

మన నల్లగొండ, వినుకొండ ప్రాంతాలలో రోమను నాణేలు దొరికాయి. రేపు మీ వూళ్ళోనూ ఏదైనా దొరకవచ్చు. దొరికితే తోమకండి, కడగకండి. ఆ చోట ఒక గుర్తు పెట్టి, పెద్దవాళ్ళకు చెప్పండి. పెద్దలారా, నేలలో దొరికిన నిధిని కలెక్టరుకు తెలపాలని 1878 నాటి చట్టం కూడా వుంది.

యీ నెల మీకొక పని: మీ యింట్లోని పాత వస్తువు ఒకటి తీసుకుని, అది ఎక్కడిదో, ఎవరు తెచ్చారో తాతయ్యనో, అమ్మమ్మనో అడగండి. చెప్పగలిగినవారు వుండగానే కాగితంమీద రాసిపెట్టండి.

మీ మాస్టారు