పదాలు తీసేస్తే పాఠం తేలికవదు

“ఆరేడు తరగతుల పిల్లోళ్లకి ఇతివృత్తం, కథకుడు, దృష్టికోణం, రూపకాలంకారం ఇవన్నీ ఎందుకు సార్? ముందు తడుముకోకుండా చదవడం రానీండి.” హిందూపురం నుంచి పెనుకొండ మీదుగా ధర్మవరం దాకా పిల్లల చదువు గురించి ఎక్కడ మాట మొదలైనా ఇదే వినిపిస్తుంది. పంతుళ్లలోనూ చాలామందిది ఈ అభిప్రాయమే. పైకి పిల్లల మీద జాలిలా కనిపించే ఈ మాట వాళ్లకు చేస్తున్నది అన్యాయం.

ఈ వాదనకు ఆధారమే లేదని అనను. 2022 అసర్ (వార్షిక విద్యా స్థితి నివేదిక) సర్వేలో మన దేశపు పల్లెల్లో అయిదో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 42.8 శాతమే. అక్షరం దగ్గరే ఆగిపోయిన పిల్లకు ముందు అక్షరమే నేర్పాలి. అందులో రెండో మాట లేదు. కానీ అదే తరగతిలో ఇంకో రకం పిల్లలూ ఉంటారు. పేజీ గడగడా చదివేస్తారు, పుస్తకం మూసి “ఏం చదివావు?” అంటే నోరు మెదపరు. వీళ్లచేత ఇంకో పదిసార్లు చదివిస్తే లాభమేముంది? చెప్పేదెవరు, ఎవరి వైపు నిలబడి చెబుతున్నారు, ఇదంతా దేని గురించి అని అడగాలి. ఆ ప్రశ్నలకే కథకుడు, దృష్టికోణం, ఇతివృత్తం అని పేర్లు. పేర్లు పక్కన పెట్టిన చోట ప్రశ్నలూ అడగడం మానేశాం.

ఉదాహరణకు, మన ప్రాంతంలో కళ్లు పోయిన కథలు రెండున్నాయి. హిందూపురం పక్కనే ఉన్న లేపాక్షి వీరభద్రాలయాన్ని అచ్యుతరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించారు. రాజుగారి ఖజానా తినేశాడన్న నింద పడితే విరూపణ్ణ తన కళ్లు తానే పెరికి గోడకు కొట్టాడని, ఆ మరకలివేనని చూపిస్తారు. రెండోది మంత్రి తిమ్మరుసు కథ. కృష్ణదేవరాయలు ఆయన కళ్లు తీయించాడని, పెనుకొండలో బందీగా ఉంచాడని చెప్పుకుంటారు.

రెండు కథలూ ఇక్కడి పిల్లలు వింటూ పెరిగేవే. వాటిని ఎలా చదవాలో మాత్రం ఎవరూ చెప్పరు. మొదటిది ఐతిహ్యం, నోటి నుంచి నోటికి వచ్చింది. రెండోదాంట్లో కళ్లు తీయించిన సంగతికి రాతలో ఒక ఆధారం ఉంది. న్యూనిజ్ అనే పోర్చుగీసు గుర్రాల వర్తకుడు 1535 ప్రాంతంలో రాశాడు. రాసినంత మాత్రాన నిజమైపోతుందా? రాయలు 1529లోనే పోయాడు. మరి పరాయి దేశం నుంచి వచ్చిన ఆ వర్తకుడు ఈ సంగతి ఎవరి నోట విన్నాడు? ఈ ప్రశ్న వేయడానికి చరిత్రలో ఎం.ఏ. చేయనక్కర్లేదు. కథకుడు, దృష్టికోణం అన్న రెండు మాటలు తెలిసిన ఏడో తరగతి పిల్ల వేయగలదు. వేయలేని పెద్దల సంగతి తెలియాలంటే వాట్సాప్ తెరవండి.

“మాటలు కష్టం” అంటారు. ధర్మవరంలో మగ్గం ఇంట పుట్టిన పిల్లకు పడుగు, పేక, నాడె, అంచు, కొంగు అన్న మాటలు బడికి పోకముందే వస్తాయి. పిల్లలకు బరువని ఆ పేర్లు దాచిపెట్టి నేత నేర్పినవాళ్లెవరూ లేరు. సాహిత్యానికొచ్చేసరికే ఈ జాలి పుట్టుకొస్తుంది.

పైగా పని ముందే నడుస్తోంది, పేరు చెప్పడమే తరువాయి. పిండి ఆరబోసినట్టుంది వెన్నెల అని అవ్వ అంటే అది ఉపమ. మీకోసం చూసి చూసి కళ్లు కాయలు కాశాయని అమ్మ అంటే అతిశయోక్తి. ఎన్టీఆర్‌ను 1985, 1989, 1994లో వరుసగా గెలిపించిన హిందూపురంలో గోడ మీద ‘సీమ సింహం’ అన్న రూపకం చూడని పిల్లలు ఎవరుంటారు? అది పొగడ్త కోసం కట్టిన రూపకమని తెలిస్తే చాలు, పొగడ్తనీ నిజాన్నీ వేరుచేసి చూడడం మొదలవుతుంది.

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంటకే వెళ్లండి. అక్కడి తోలుబొమ్మల కళాకారుడు దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మలాటలో రామాయణ కథ నడుస్తుండగా కేతిగాడు, బంగారక్క చొరబడి నవ్విస్తారు. ప్రధాన కథ, హాస్య పాత్ర, సంభాషణ, తెర వెనక నుంచి గొంతు మార్చే కథకుడు, అన్నీ ఒక్క తెర మీద దొరుకుతాయి. ఇంతకన్నా మంచి బోధనోపకరణం ఏ కంపెనీ అమ్ముతుంది?

అయితే ఈ మాటలంటే పిల్లలు ఎందుకు భయపడుతున్నారు? తప్పు నేర్పే తీరుది. ఉపమేయం, ఉపమానం, అభేదం అంటూ లక్షణం బట్టీ పట్టిస్తాం. “అలంకారం గుర్తించి లక్షణం రాయండి” అన్న ప్రశ్నకు మార్కులు వేస్తాం. అపరిచిత గద్యంలో అదే అలంకారం ఎదురైతే పిల్ల గుర్తుపట్టదు. పెనుకొండలో చదువుకున్న పుట్టపర్తి నారాయణాచార్యులు చిన్నతనంలోనే ‘పెనుగొండ లక్ష్మి’ కావ్యం రాశారు. తర్వాత విద్వాన్ పరీక్షలో అదే ఆయనకు పాఠ్యగ్రంథమైందని, ఒక్క ప్రశ్నకే పేజీలకు పేజీలు రాస్తూ సమయం దాటిపోవడంతో తప్పారని చెప్పుకుంటారు. పరీక్ష కొలిచేదీ చదువరికి తెలిసిందీ ఒకటి కాదనడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కర్లేదు. కొలత బాగాలేకపోతే కొలత మార్చాలి, మాటలను పాఠం నుంచి తరిమేయడం పరిష్కారం కాదు.

“ఇంగ్లీషు మీడియం పిల్లలకు తెలుగు అలంకారాలతో ఏం పని?” అనేవాళ్లూ ఉన్నారు. ఇంగ్లీషు పాఠంలో సిమిలీ, మెటఫర్, నేరేటర్ అని అడిగేవి ఇవే. కన్నడం మాట్లాడే ఇళ్ల పిల్లలు మన సరిహద్దు ఊళ్లలో ఎందరో ఉన్నారు. కన్నడ పాఠంలోనూ ఉపమ ఉపమే, రూపకం రూపకమే. ఒక భాషలో పట్టుబడితే మూడింట పనికొస్తుంది.

అందుకే పంతుళ్లకు నా మనవి: లక్షణం చివర రాయించండి, ముందు పిల్లల నోటి మాటల్లోంచే ఉదాహరణ తీయించండి. వారానికి ఒక్క పదం చాలు, కానీ ఆ వారమంతా ప్రతి పాఠంలోనూ దాన్ని వాడించండి. తల్లిదండ్రులకు ఇంకా సులువైన పని ఉంది. ఈ సాయంత్రం మీ పిల్ల పాఠం చదివి వినిపిస్తే, ఎన్ని మార్కులొస్తాయని కాకుండా, “ఇది చెబుతున్నదెవరు?” అని అడగండి.