కామారెడ్డి మిల్లులకు యంత్రబాహువు

రాజధానిలో విధానములకు కొదువ లేదు. 2023 మార్చి 2వ తేదీన రాయదుర్గములో టి-వర్క్సు అను నమూనా నిర్మాణశాల తలుపులు తెరచెను. అదే సంవత్సరము మే నెలలో రాష్ట్ర ప్రభుత్వము రోబోటిక్సు విధానమును ప్రకటించెను. ఉపన్యాసములు ముగిసెను, చప్పట్లు మ్రోగెను. మంచిదే. కాని కామారెడ్డిలోని బియ్యపు మిల్లు యజమానియు, ఎల్లారెడ్డిలో ఇనుప గేట్లు చేసి అమ్ముకొను వెల్డింగు పనివాడును దానివలన రేపు ఉదయము చేయదగిన పని యేమి? అది అడుగుటకు నూరు కిలోమీటర్లు దాటి హైదరాబాదు పోవలెనా?

రోబో అను మాట 1920లో చెకు రచయిత కారెల్ చాపెక్ వ్రాసిన నాటకమునుండి లోకమున వ్యాపించినది. ఆ దేశభాషలో దాని మూలపదమునకు వెట్టి యని యర్థము. వెట్టి యననేమో తెలంగాణ ప్రజకు నిఘంటువు తీసి చూపనక్కరలేదు. మిల్లులో హమాలీకి కూలి ముట్టుచున్నది, నిజమే. అతని పని వెట్టి కాదు. కాని 50 కిలోల బస్తా వెంట బస్తా మోసిన వెన్నెముకకు ఈ భేదము తెలియునా?

యంత్రము వచ్చిన పేదవాని నోట మట్టి పడునని వాదించువారు కలరు. వారి భయమును మేము తేలికగా త్రోసిపుచ్చము. అయినను వారినొకటి యడిగెదము. 2020 మే నెలలో, లాక్‌డౌను నడుమ, బీహారులోని ఖగారియానుండి ప్రత్యేకపు రైలులో మిల్లు హమాలీలను లింగంపల్లికి రప్పించుకొన్న రాష్ట్రము మనది కాదా? ఆ బస్తా నెత్తుటకు మన పిల్లలు ముందుకు రాకనే గదా అంత దూరమునుండి పిలువవలసివచ్చినది! కామారెడ్డి, ఎల్లారెడ్డి పల్లెల యువకులు గల్ఫు దేశములకు పోవుచున్నారు. బస్తా మోయుటకు గాక, మోయు యంత్రమును నడుపుటకు పిలిచినచో వారిలో కొందరైన ఊరిలో నిలుతురు. ఇక యంత్రమనిన మన మిల్లరులకు క్రొత్తయా? సార్టెక్సు యంత్రము కెమెరా కంటితో గింజ గింజను చూచి, రంగు మారినదానిని గాలిదెబ్బతో ఎగురగొట్టుచున్నది. దానిని ఎవరును రోబో యని పిలువలేదు, జడియనులేదు.

సహాయమనగా సబ్సిడీ యని అధికారుల వ్యాఖ్యానము. చిన్నపరిశ్రమల ఋణములకు కేంద్రమిచ్చు హామీ పరిమితి 2025 ఏప్రిలులో 5 కోట్లనుండి 10 కోట్లకు పెరిగినది. సరే, ఋణము దొరకినది, ఏమి కొనవలెను? చిక్కంతయు అక్కడనే. 1961లో అమెరికాలోని ట్రెంటన్ కార్ఖానాలో జనరల్ మోటార్సువారు నిలిపిన తొలి యంత్రబాహువు కారును నిర్మింపలేదు. కాలుచున్న లోహపు పోతలను అచ్చులనుండి తీసి పెట్టినది, అంతే. మన మిల్లులకును అట్టి యొక్క పనియే చాలును: నింపి కుట్టిన బస్తాలను వరుసగా పేర్చుట. వినుటకు సులభము. గోనెసంచి పెట్టె కాదు. పట్టిన చోటనెల్ల జారి రూపు మార్చును. కనుక క్రిందనుండి వ్రేళ్లు దూర్చి యెత్తు పట్టు కావలెను. ఆ పట్టు బరువు బస్తా బరువునకు చేరును. సరిగా 50 కిలోల శక్తి గల బాహువు కొన్నవాడు మోసపోవును. మనుష్యుల సరసన నిలిచి పనిచేయునని గొప్పగా చెప్పబడు చిన్నబాహువులలో పెక్కు ఆ బస్తా నెత్తజాలవు. పెద్దదానికి చుట్టును కంచె కావలెను, కంచె తలుపు తీయగానే యంత్రమును నిలుపు ఏర్పాటు కావలెను, కన్వేయరు బెల్టు కావలెను. బాహువు వెలయే మొత్తము వెల కాదు. మఱియు వానాకాలపు, యాసంగి రాశులు తరుగగానే బాహువు మూలబడును, వడ్డీ మూలబడదు. అద్దెకిచ్చు ఏర్పాటు గాని, నలుగురు మిల్లరులు కలిసి కొనుట గాని లేక చిన్నవానికి ఇది గిట్టునా? ఇక గేట్లు చేయువాని సంగతి. అతనికి ఒక్కొక్క గేటు ఒక్కొక్క కొలత. అట్టివానికి ఇప్పుడే బాహువు వలదని నిజము చెప్పుటయు సహాయమే.

ఉపాయము ప్రభుత్వము చేతిలోనే యున్నది. 65 ఐ.టి.ఐ.లను టాటా టెక్నాలజీసుతో కూడి అధునాతన సాంకేతిక కేంద్రములుగా మార్చు పనికి 2024 జూనులో శంకుస్థాపన జరిగినది; వ్యయము 2,324 కోట్లు. అందలి పాఠములలో పారిశ్రామిక రోబోటిక్సు ఒకటి. ఆ బాహువులు పగలు బాలురకు పాఠము చెప్పి సాయంకాలము తాళము వెనుక నిద్రింపనేల? వారమునకొక దినము మిల్లరులకు తలుపులు తెరువుడు. తన సంచి తాను తెచ్చుకొని, తన కండ్లయెదుట ఎత్తించి చూచి, నచ్చనిచో కొనక వెడలిపోవు స్వేచ్ఛ వానికిండు. అచ్చట నేర్చుకొనువారిలో మొదటి వరుస హమాలీలది, వారి బిడ్డలది. దీనికి ఒప్పుకొనని యజమానికి దమ్మిడీయైన సబ్సిడీ ఇయ్యరాదు.

2024లో లోకమంతట నెలకొల్పిన సుమారు 5,42,000 పారిశ్రామిక రోబోలలో చీనా 2,95,000 తీసికొన్నది, భారతదేశము 9,100. చీనా సరుకు చౌక యని మొఱపెట్టు వర్తకులు ఈ రెండంకెలను ప్రక్కప్రక్కన వ్రాసికొని చూడవలెను. పెద్ద కార్ఖానాల సంగతి పెద్దలు చూచుకొందురు. ఒక్క పొగగొట్టమును నమ్ముకొనుట యెట్టిదో, 2015 డిసెంబరులో బోధను చక్కెర ఫ్యాక్టరీ మూతపడినప్పుడు ఉమ్మడి నిజామాబాదు జిల్లా చూచినది. చిన్నమిల్లులు ఇంకను నిలిచియున్నవి. కలెక్టరుగారు మిల్లరులను, హమాలీలను ఒక్క బల్లచుట్టు కూర్చుండబెట్టి, రాబోవు వానాకాలపు వడ్లు దిగకమునుపే, ఏ యొక్క మిల్లులోనైన ఒక బాహువుచే ఒక బస్తా నెత్తించి చూపవలెనని కోరుచున్నాము.