పట్టుకోండి, కొట్టకండి

ఊళ్ళలో, కాలనీల్లో వాట్సాప్ గ్రూపులు నడిపేవాళ్ళకు, సర్పంచులకు, యువజన సంఘాల తమ్ముళ్ళకు, పిల్లలున్న ప్రతి ఇంటివాళ్ళకు ఈ విన్నపం.

"పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగింది, జాగ్రత్త" అన్న మెసేజ్ మీ ఫోనుకూ ఎప్పుడో ఒకప్పుడు వచ్చే ఉంటుంది. 2018 వేసవిలో అది దేశమంతా తిరిగింది. దాంతోపాటు ఒక వీడియో కూడా. బైకు మీద వచ్చిన ఇద్దరు వీధిలో ఆడుకుంటున్న పిల్లాణ్ణి ఎత్తుకుపోతారు. నిజానికి అది కరాచీలో తల్లిదండ్రులను అప్రమత్తం చేయడానికి తీసిన ప్రచార చిత్రం. పిల్లాణ్ణి తిరిగి తెచ్చి దింపే చివరి భాగాన్ని ఎవరో కత్తిరించి వదిలారు.

ఆ మెసేజ్‌ను నమ్మి, ఆ ఏడాది మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఒక ట్రాన్స్‌జెండర్ మహిళను గుంపు కొట్టి చంపింది. జులై 1న మహారాష్ట్ర ధూలే జిల్లా రాయిన్‌పాడాలో, భిక్షాటనతో బతికే సంచార కులంవాళ్ళను ఐదుగురిని చంపారు. జులై 13న కర్ణాటకలోని బీదర్ జిల్లాలో మన హైదరాబాద్ ఇంజినీరు ఒకరు బలయ్యారు. స్నేహితులతో వెళ్ళి, దారిలో బడిపిల్లలకు చాక్లెట్లు ఇవ్వడమే నేరమైంది. వాళ్ళ కారు కంటే ముందే మెసేజ్ పక్క ఊరు చేరింది. అక్కడ దారి కాచి కొట్టారు.

వీళ్ళలో పిల్లల దొంగ ఒక్కడూ లేడు. గుంపు చేతికి ఎక్కువగా చిక్కేది ఇలాంటివాళ్ళే: భాష రానివాళ్ళు, మతిస్థిమితం లేనివాళ్ళు, బిచ్చగాళ్ళు, ఊరూరా తిరిగి పొట్టపోసుకునే సంచార జాతులవాళ్ళు. "నేను ఫలానా" అని చెప్పుకునే సమయం కూడా మనం వాళ్ళకివ్వం.

"పోలీసులకు అప్పగిస్తే రేపటికల్లా బయటికొస్తాడు" అంటారు కొందరు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కేసులు ఏళ్ళతరబడి సాగుతాయన్నదీ అబద్ధం కాదు. దానికి పోలీసులనూ కోర్టులనూ ప్రభుత్వాన్నీ గట్టిగా నిలదీయండి, నేనూ మీతో వస్తాను. కానీ కోర్టు పొరపడితే పైకోర్టు ఉంది. చచ్చిపోయినవాడు ఏ కోర్టుకు పోవాలి?

చట్టం మన చేతులు పూర్తిగా కట్టేయలేదు. కళ్ళముందు తీవ్రమైన నేరం చేస్తున్నవాణ్ణి ఎవరైనా పట్టుకోవచ్చు, ఆరు గంటల్లోపు పోలీసులకు అప్పగించాలి. కొట్టే హక్కు మాత్రం ఎవరికీ లేదు. పదిమంది కలిసి చంపితే ఆ హత్యకు పదిమందీ బాధ్యులే, "నేను ఒక్క దెబ్బే వేశాను" అంటే చెల్లదు.

అనుమానం వస్తే 112కు ఫోన్ చేయండి. పిల్లల విషయమైతే 1098 ఉంది. పోలీసులు వచ్చేదాకా ఆ మనిషిని పంచాయతీ ఆఫీసులోనో బడిలోనో కూర్చోబెట్టి, గుంపు మీద పడకుండా నలుగురు పెద్దలు అడ్డంగా నిలబడండి. గ్రూపు అడ్మిన్లూ, అలాంటి మెసేజ్ మీ గ్రూపులో ఉంటే ఇవాళే తీసేయండి, పెట్టినవాళ్ళకు ఫోన్ చేసి ఎందుకు తీశారో చెప్పండి.