భూమి పాఠం, ఆకాశ పాఠం: సరిహద్దు గురువుకు శిక్షణ ఏ భాషలో?

శ్రీహరికోట నుంచి 2023 జూలై 14న బయలుదేరిన చంద్రయాన్-3 ఆగస్టు 23న చంద్రుని దక్షిణ ధ్రువ సమీపంలో క్షేమంగా దిగింది. ఆ తేదీని కేంద్ర ప్రభుత్వం జాతీయ అంతరిక్ష దినోత్సవంగా ప్రకటించింది. నాటి ఉత్సాహం సరిహద్దు పల్లెల పిల్లలకూ పట్టింది. అయితే ఉత్సాహం పాఠంగా మారాలంటే ఉపాధ్యాయుడు అందుకు సన్నద్ధుడై ఉండాలి. ఆ సన్నద్ధత అతనికి ఏ భాషలో, ఎవరి ద్వారా అందుతున్నదన్నదే ఇప్పుడు ఆలోచించవలసిన విషయం.

విధానాల పరంగా లోటు లేదు. ప్రతి ఉపాధ్యాయుడు ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ పొందాలని 2020 నాటి జాతీయ విద్యా విధానం నిర్దేశించింది. అంతకుముందే, 2019లో, నిష్ఠా పేరుతో దేశవ్యాప్త శిక్షణ కార్యక్రమం మొదలైంది. డెహ్రాడూన్‌లోని భారత దూరసంవేదన సంస్థ 2007 నుంచి ఉపగ్రహ పరిజ్ఞానంపై దూరవిద్యా తరగతులు నిర్వహిస్తున్నది.

చిక్కంతా అమలులోనే ఉంది. బళ్లారి, పావగడ, హోసూరు, రాయగడ, సిరొంచ ప్రాంతాలలో తెలుగులో బోధించే ఉపాధ్యాయుడు ఆయా రాష్ట్రాల ఉద్యోగి. ఆ రాష్ట్రం ఇచ్చే శిక్షణ ప్రధానంగా అక్కడి అధికార భాషలో సాగుతుంది. కేంద్ర సంస్థల తరగతులు ఎక్కువగా ఆంగ్లంలోనో, హిందీలోనో ఉంటాయి. తెలుగు రాష్ట్రాలు తయారుచేసుకున్న శిక్షణ సామగ్రి తమ పాఠ్యపుస్తకాలకు అనుగుణంగా ఉంటుంది. ఈ మూడింటి నడుమ సరిహద్దు గురువు ఎవరికీ చెందనివాడవుతున్నాడు. కన్నడంలోనో, ఒడియాలోనో విన్న పాఠాన్ని తెలుగు పరిభాషలోకి మార్చుకునే భారం అతని ఒక్కడిపైనే పడుతున్నది. మైనారిటీ భాషల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు తగిన వసతులు కల్పించేందుకు కృషి చేయాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం చెబుతున్నది. గురువుకు ఆ భాషలో శిక్షణ లేనిదే ఆ వసతి పూర్తి అయినట్లు కాదు.

ఇక శిక్షణలో ఏముండాలన్నది మరో ప్రశ్న. సూర్యునికి దగ్గరైనప్పుడు వేసవి, దూరమైనప్పుడు శీతకాలం వస్తాయని నమ్మేవారు పెద్దలలోనూ ఉన్నారు. నిజానికి భూమి సూర్యునికి అత్యంత సమీపంగా ఉండేది జనవరి మొదట్లో, మన చలికాలంలోనే. ఋతువులకు కారణం భూమి అక్షం 23.5 డిగ్రీలు వంగి ఉండటం. దీనిని బల్ల మీద బొమ్మ గీసి చెప్పడం కన్న పెరట్లో కర్ర పాతి చూపడం మేలు. మిట్టమధ్యాహ్నం నీడ పూర్తిగా కర్ర మొదట్లోకి చేరే రోజు హోసూరులో ఏప్రిల్ ఆఖరులో, యానాంలో మే మొదటి వారంలో, బరంపురంలో మే మధ్యలో వస్తుంది. ఉత్తరానికి పోయేకొద్దీ ఆ రోజు ఎందుకు వెనుకబడుతుందో పిల్లవాడు అడిగిన క్షణాన పాఠం మొదలవుతుంది. అలా అడిగించగల నేర్పును ఉపాధ్యాయునికి ఇచ్చేదే నిజమైన కార్యశాల.

సరిహద్దు నేలలు ఇందుకు పేదవి కావు. కోలారు బంగారు గనుల లోతుల్లో 1965లో శాస్త్రవేత్తలు వాతావరణంలో పుట్టే న్యూట్రినోల జాడ పట్టుకున్నారు. ఆ గనులు 2001లో మూతపడ్డాయి. హిందూపురం పొరుగునున్న గౌరీబిదనూరులో భూకంప తరంగాలను నమోదు చేసే కేంద్రమూ, ఆకాశం నుంచి వచ్చే రేడియో తరంగాలను గ్రహించే కేంద్రమూ ఉన్నాయి. సిరొంచ తాలూకా పోచంపల్లి వద్ద లభించిన ఎముకల ఆధారంగానే బరపాసారస్ అనే భారీ రాక్షసబల్లిని శాస్త్రలోకం గుర్తించింది. ఇవి చాలమంది పిల్లలకు తమ ఊరి పక్కనే ఉన్న సంగతులుగా తెలియవు.

ఇది కేవలం విజ్ఞాన కుతూహలానికి సంబంధించిన విషయం కాదు. పావగడ ప్రాంతంలో బోరునీటి ఫ్లోరైడ్ ఎముకలను, పళ్లను దెబ్బతీస్తున్నది. గ్రానైటు జాతి రాళ్లలోని ఖనిజాల నుంచి అది నీటిలో కలుస్తుందని, లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించితే ప్రమాదమని బడిలోనే తెలియాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వానలకు ఒడిశా గజపతి జిల్లాలో కొండచరియలు విరిగిపడి పలువురు మరణించారు. 1996 నవంబరు తుపాను యానాం తీరాన్ని అతలాకుతలం చేసింది. వాన నీరు మట్టిలో ఇంకి కొండవాలును ఎలా జారుస్తుందో, ఉప్పెన ఎలా పుడుతుందో చెప్పే భూగోళ పాఠం ఇంటిల్లిపాదికీ రక్షణ పాఠమే.

కొద్దిమంది తెలుగు ఉపాధ్యాయుల కోసం ప్రత్యేక శిబిరాలు భారమని రాష్ట్రాలు అనవచ్చు. ఒక్కో జిల్లాను విడిగా చూస్తే ఆ మాటలో నిజముంది. అయితే పొరుగు జిల్లాలు చేతులు కలిపితే భారం పంచుకోబడుతుంది. బళ్లారి ఉపాధ్యాయులు అనంతపురంలో, రాయగడ వారు పార్వతీపురంలో, హోసూరు వారు కుప్పంలో జరిగే శిబిరాలకు హాజరయ్యేలా, ఆ గంటలు 50 గంటల లెక్కలో చేరేలా ఉత్తర్వులిస్తే చాలు. శాస్త్ర పరిభాష కొత్తగా సృష్టించవలసిన అవసరమూ లేదు. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమీ ఆ పని చాలవరకు చేసిపెట్టింది. రాష్ట్రభాషా పదాన్నీ, తెలుగు పదాన్నీ పక్కపక్కన ఉంచిన చిన్న పట్టిక ప్రతి ఉపాధ్యాయుని చేతికి అందాలి.

తల్లిదండ్రుల పాత్రా ఇందులో ఉంది. 2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రభుత్వ పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల సభ్యులు తల్లిదండ్రులు, సంరక్షకులే. బడి అభివృద్ధి ప్రణాళికను రూపొందించేది ఆ కమిటీయే. గోడలు, గదుల ప్రస్తావనతోపాటు తమ ఉపాధ్యాయుడు ఈ ఏడాది విజ్ఞాన శాస్త్రంలో ఎన్ని గంటలు, ఏ భాషలో శిక్షణ పొందాడన్న ప్రశ్న కూడ ఆ ప్రణాళికలో చేరాలి. ఆ ప్రశ్న పది గ్రామాల నుంచి లిఖితపూర్వకంగా జిల్లా విద్యాధికారికి చేరినప్పుడు దానికి సమాధానం ఇవ్వక తప్పదు.